నోరు గెలిస్తే న్యాయం గెలిచినట్టేనా?

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



ఈవేళ మీతో వాదన గురించి ముచ్చటిద్దామనుకుంటున్నాను. "మాకెందుకమ్మా వాదనలు, అవి ప్లీడర్లకు గదా!" అని కొందరు అప్పుడే రేడియో గొంతు తగ్గించబోతుంటారు. కాస్త ఆగండి. పొద్దున పాలవాడితో మొదలుపెట్టి రాత్రి పిల్లలు పడుకునేదాకా మనం చేసేదేమిటి? "పాలల్లో నీళ్ళు కలిశాయి" అంటాం. "లేదమ్మా" అంటాడు. "ఎట్లా చెప్పగలవు?" అంటాం. అదే వాదన. అమ్మాయికి ఏ సంబంధం చూడాలి, అబ్బాయిని ఏ కాలేజీలో చేర్చాలి, ఉన్న నాలుగు రూపాయలు ఏ చీటీలో వేయాలి అన్నచోటల్లా ఎవరో ఒకరు ఒక మాట చెబుతారు, దానికో కారణం చెబుతారు. ఆ కారణం నిలిచేదా, నిలవనిదా అని చూసుకోవడం మన పనే. చూసుకోకపోతే నష్టం ప్లీడరుకు రాదు, మనకే వస్తుంది.

మనలో చాలామంది వాదనంటే తగువనుకుంటారు. అంచేత మంచి ఇల్లాలు వాదించకూడదంటారు. మన పూర్వులు ఈ రెంటినీ కలిపేయలేదు. గౌతముని న్యాయశాస్త్రంలో చర్చలను మూడు రకాలుగా విడదీశారు. నిజం తేల్చుకోవడానికి ఇద్దరూ కలిసి చేసేది వాదం. ఎట్లాగైనా నెగ్గాలని చేసేది జల్పం. తనకంటూ ఒక మాట లేకుండా, ఎదుటివాళ్ళు ఏమన్నా కాదనడమే పనిగా పెట్టుకునేది వితండం. మనం వాడుకలో "వితండవాదం చేయకు" అంటామే, ఆ మాట అక్కడిదే. మన ఇళ్ళలో జరిగేవి చాలావరకు రెండోదీ మూడోదీ. మొదటిది అలవాటైతే తగువులు సగం తగ్గుతాయి.

మరి సరైన వాదన ఎట్లా ఉంటుంది? పదిహేడో శతాబ్దంలో అన్నంభట్టు అనే పండితుడు తర్కం నేర్చుకునే పిల్లల కోసం తర్కసంగ్రహమనే చిన్న పుస్తకం రాశాడు. ఆయన మన తెలుగువాడేనని చెబుతారు. తర్కశాస్త్రంలో ఎప్పుడూ చెప్పే ఉదాహరణ ఒకటుంది. దూరాన కొండమీద పొగ కనిపిస్తుంది. అక్కడ నిప్పుందని మనం చెప్పాలి. ఎట్లా ఒప్పిస్తాం? పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుందని చూపించి ఒప్పిస్తాం. ఎక్కడ చూశాం? వంటింట్లో! శాస్త్రం చెప్పే పండితులు సాక్ష్యానికి తెచ్చింది మన వంటిల్లే. ఇక తర్కం మనకు కొత్తదని ఎవరనగలరు?

ఆ వాదనకు ఐదు మెట్లున్నాయి. వాటిని మన నెల్లూరు వాళ్ళకు బాగా తెలిసిన చేపల బుట్ట దగ్గర చూద్దాం. మైపాడు నుంచి చేప వచ్చింది. మీరు వంజరం చేతిలోకి తీసుకున్నారు. "ఈ చేప తాజాది" అన్నారు. ఇది మొదటి మెట్టు, అంటే మనం నిరూపించదలచిన మాట. దీన్ని ప్రతిజ్ఞ అంటారు. "ఎందుకంటే మొప్పలు ఎర్రగా ఉన్నాయి." ఇది హేతువు, అంటే కారణం. "మొప్పలు ఎర్రగా ఉన్న చేపలు తాజాగా ఉంటాయి, పోయిన ఆదివారం కొన్నదాని మాదిరి." ఇది ఉదాహరణ. "ఇదీ అట్లాంటిదే." ఇది ఉపనయం, ఆ నియమాన్ని ఈ చేపకు అన్వయించడమన్నమాట. "కాబట్టి ఇది తాజా చేప." ఇది నిగమనం, అంటే తేలిన మాట.

మనం రోజూ ఇంతా చెప్పం. మొదటిదీ రెండోదీ చెప్పి ఊరుకుంటాం. వాదనలో మోసం వచ్చేది మూడో మెట్టు దగ్గర. దాన్ని ఎవరూ పైకి చెప్పరు. మొప్పలు ఎర్రగా ఉన్న చేపలన్నీ తాజావేనా? ఎవరైనా రంగు పూసి ఉంటే? అప్పుడు ఆ కారణం ఒక్కటే చాలదు. అందుకే మన పెద్దవాళ్ళు మొప్పలు చూసి ఊరుకోరు. కన్ను లోపలికి పోయిందా, ఉబ్బెత్తుగా మెరుస్తున్నదా చూస్తారు. వేలితో నొక్కితే కండ మళ్ళీ లేస్తున్నదా, గుంటపడి అట్లాగే ఉంటున్నదా చూస్తారు. వాసన చూస్తారు. నాలుగు గుర్తులూ ఒకే మాట చెబితేనే బేరం. ఇంతకన్నా మంచి తర్కం ఏ కాలేజీలో చెబుతారు?

చూడటానికి కారణంలా ఉండి, తీరా పట్టుకుంటే నిలవని దాన్ని శాస్త్రంలో హేత్వాభాసం అంటారు. బంగారంలా మెరిసే గిల్టు నగ వంటిది. అట్లాంటివి మన ఇళ్ళ చుట్టూ తిరిగేవి కొన్ని చెబుతాను.

మొదటిది, మాటను తలకిందులు చేయడం. పొగ ఉంటే నిప్పు ఉంటుంది, సరే. నిప్పు ఉంటే పొగ ఉండాలా? ఎర్రగా కాల్చిన ఇనుప గుండును చూడండని పండితులన్నారు. మనం మన గ్యాసు పొయ్యిని చూస్తే చాలు. మంట ఉంది, పొగ లేదు. అయినా ఈ పొరపాటు ఎన్ని తలల మీద పడుతుందో చూడండి. "దొంగతనం చేసిన పిల్ల భయపడుతుంది. మన పనిపిల్ల భయపడుతున్నది. కాబట్టి అదే తీసింది." పదేళ్ళ నుంచి నమ్మకంగా చేస్తున్న మనిషైనా సరే, నలుగురు చుట్టూ నిలబడి గద్దిస్తే భయపడదా? తీసినవాళ్ళు భయపడవచ్చు, తీయనివాళ్ళూ భయపడవచ్చు. భయం సాక్ష్యం కాదు. మర్నాడు ఉంగరం బియ్యపు డబ్బాలో దొరికితే పోయిన పరువు ఎవరు తెచ్చిస్తారు?

రెండోది, ఒక్కదాన్ని చూసి అన్నిటికీ చెప్పడం. మీరంటారు, "మేం ఒక్క మెతుకు పట్టుకునే గదా అన్నం ఉడికిందని చెబుతాం" అని. నిజమే. దాన్నే స్థాలీపులాక న్యాయం అన్నారు. అక్కడ ఒక్క మెతుకు ఎందుకు చాలింది? గింజలన్నీ ఒకే రకం, ఒకే గిన్నె, ఒకే నీరు, ఒకే మంట. పైగా మనం గరిటతో కలిపిన తరువాత పట్టుకుంటాం. మొలకొలుకుల బియ్యంలో వేరే ముతక బియ్యం కలిపి వండి, ఒక్క మెతుకు చూసి దించండి, ఏమవుతుందో. మనుషులు ఒకే గిన్నెలో ఉడికిన మెతుకులు కారు. "ఆ ఊరి పిల్ల ఒకతె కాపురం చెడగొట్టుకుంది, ఆ ఊరి సంబంధమే వద్దు" అనడం ఒక్క పుచ్చు వంకాయను చూసి తోటకు నిప్పు పెట్టడమే.

ఇదే పొరపాటు డబ్బు దగ్గర మరీ ప్రమాదం. "రూపాయికి రెండు రూపాయలిస్తారట. మా వదిన కట్టింది, ఆమెకు వచ్చాయి కూడా" అని ఎవరో చెబుతారు. వదినకు వచ్చిన మాట నిజమే. ఎక్కడినుంచి వచ్చాయి? ఇట్లాంటి స్కీముల్లో మోసమున్నప్పుడు మొదట చేరినవాళ్ళకిచ్చేది తరువాత చేరినవాళ్ళ డబ్బే. కొత్తవాళ్ళు చేరడం ఆగిన రోజున చివరనున్నవాళ్ళకు మిగిలేది రసీదు. అంచేత వదినకు వచ్చిందా అని అడిగితే చాలదు. ఆ డబ్బుతో వీళ్ళు ఏ వ్యాపారం చేసి లాభం తెస్తున్నారు, ఎవరి అనుమతితో వసూలు చేస్తున్నారు అని అడగాలి. జవాబు రాకపోతే కొంగున కట్టిన ముడి విప్పకండి.

మూడోది కాకతాళీయం. కాకి వాలింది, తాటిపండు రాలింది. కాకి వాలినందువల్లే రాలిందంటే? ముగ్గిన పండు, రాలే సమయం వచ్చింది, రాలింది. ఒకదాని తరువాత ఒకటి జరిగినంత మాత్రాన మొదటిది రెండోదానికి కారణం కాదు. వినడానికి నవ్వులాటగా ఉంటుంది గానీ, ఈ కాకి మన ఆడవాళ్ళ తలల మీద వాలినన్నిసార్లు తాటిచెట్టు మీద కూడా వాలలేదు. కొత్తకోడలు గడపలో అడుగుపెట్టింది, నెల తిరక్కుండా మామగారికి గుండెనొప్పి వచ్చింది. "పిల్ల పాదం మంచిది కాదు" అన్నారు. ఆయనకు పదేళ్ళుగా రక్తపోటు ఉన్నదని, మందు మింగడం లేదని ఎవరూ అనరు. అదే నెలలో చిన్నకొడుక్కు ఉద్యోగమొస్తే అది మాత్రం వాడి తెలివి! పాదం మహిమే అయితే మంచికీ చెడ్డకూ ఒకే లెక్క ఉండాలి గదా. ఇంతకూ ఆ నెలలో కొత్తకోడళ్ళు రాని ఇళ్ళలో ఎవరికీ గుండెనొప్పి రాలేదా? ఈ చివరి ప్రశ్న గుర్తుపెట్టుకోండి. కారణమని చెప్పినది లేనిచోట ఏం జరిగింది? కాకిని పట్టించేది ఈ ప్రశ్నే.

ఇప్పుడు ఇంటి గడప దాటి బయటికి వద్దాం. మన నెల్లూరు జిల్లా ఆడవాళ్ళు వాదనలో పెద్ద పెద్దవాళ్ళను నిలబెట్టి అడిగిన సందర్భం ఒకటుంది. 1991లో కలిగిరి మండలంలోని దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం. ఆ రోజుల్లో జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా కార్యక్రమం నడుస్తున్నది. పగలంతా కూలికి పోయి వచ్చిన ఆడవాళ్ళు రాత్రిపూట పలకా పుస్తకం పట్టుకుని చదువుకున్నారు. వాళ్ళ వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉంది. భర్త తాగుడువల్ల సంసారం చితికిపోయిన ఒక ఇల్లాలి కథ. చదివినవాళ్ళకు అది తమ కథలాగే ఉంది. వర్ధినేని రోశమ్మగారు, ఆమెతోపాటు మరికొందరు ముందు నిలిచి తమ ఊళ్ళో సారా అమ్మకం ఆపించారు. తరువాతి వాచకంలో ఆ దూబగుంట ఆడవాళ్ళ విజయమే "ఆడవాళ్ళు ఏకమైతే" అని పాఠమైంది. దాన్ని చదివి ఊరూరా ఆడవాళ్ళు కదిలారు. 1992లో నెల్లూరులో సారా వేలంపాటలు జరగనివ్వకుండా వేలమంది వచ్చి అడ్డుకుంటే పాటలు పదే పదే వాయిదా పడ్డాయి.

ఆ ఉద్యమానికి ఎదురుగా వచ్చిన మాటలను మన ఐదు మెట్ల మీద నిలబెట్టి చూద్దాం.

"చదువురాని ఆడవాళ్ళకు రాష్ట్రం సంగతులేం తెలుసు?" ఇది మాటకు జవాబు కాదు, మనిషిని తక్కువ చేయడం. చెప్పినవాళ్ళు ఎవరన్నది పక్కనపెట్టి, చెప్పిన మాటలో నిజమెంతో చూడాలి. పైగా తాగినవాడు ఇంటికొచ్చి ఏం చేస్తాడో, కూలిడబ్బుల్లో ఎంత మిగులుతుందో తెలిసిన సాక్షి ఇల్లాలు కాక మరెవరు? అయితే ఒక మాట. మనిషిని చూడటం ఎప్పుడూ తప్పని కాదు. సారా కాంట్రాక్టరు వచ్చి సారా ఒంటికి మంచిదని సాక్ష్యం చెబితే, అందులో ఆయన లాభమేమిటో అడగవచ్చు. సాక్ష్యం దగ్గర మనిషిని చూడాలి, కారణం దగ్గర కారణాన్నే చూడాలి.

"వీళ్ళను వెనకనుంచి ఎవరో ఆడిస్తున్నారు." ఉన్నారే అనుకోండి. అంతమాత్రాన సారా మంచిదవుతుందా? "తాడిచెట్టెందుకు ఎక్కావురా" అంటే "దూడగడ్డి కోసం" అన్నట్టు, అడిగినదొకటి, చెప్పేదొకటి.

"పట్నంలో బ్రాందీ షాపులున్నాయి గదా, కూలివాడి సారా మీదే మీ కళ్ళెందుకు?" ఈ మాటలో కొంత న్యాయముంది. డబ్బున్నవాడికొక నీతి, లేనివాడికొక నీతి ఉండకూడదు. కానీ దానివల్ల తేలేదేమిటి? బ్రాందీ షాపు సంగతి కూడా చూడాలని తేలుతుందే గానీ, సారా దుకాణం తెరిచి ఉంచాలని తేలదు. పక్కింటి పెరట్లో చెత్త ఉన్నదని మన పెరడు ఊడవడం మానం గదా.

"మగవాళ్ళ మీద యుద్ధం ప్రకటించారు." ఆడవాళ్ళు అన్నది మా ఊళ్ళో సారా వద్దని. దాన్ని మార్చి మగవాళ్ళే వద్దన్నారన్నట్టు చెప్పి, ఆ అనని మాటను ఖండించడం సులువు. చేలో పెట్టిన దిష్టిబొమ్మను నాలుగు బాది, వస్తాదును పడగొట్టానని చెప్పుకోవడమే అది. ఇంట్లో మనకూ తెలిసిన విద్యే. "నెలకొక్కసారైనా మా అమ్మను చూసొస్తాను" అంటే "అయితే ఈ ఇల్లే వద్దంటావా?" అని అడగరూ? అట్లా అన్నప్పుడు కోపం తెచ్చుకోకండి. "నేనన్నది అది కాదు, ఇది" అని మళ్ళీ మొదటి మాటే నిదానంగా చెప్పండి.

"సారా ఆదాయం కావాలా, బడులూ రోడ్లూ కావాలా?" అన్నింటిలోకీ బరువైనది ఇది. రాష్ట్రానికి ఆబ్కారీ మీద వచ్చే రాబడి 1970-71లో 39 కోట్ల రూపాయలుంటే 1991-92 నాటికి 800 కోట్లు దాటింది. అంత రాబడి ఎట్లా వదులుకుంటారని అడగడం సబబైన ప్రశ్నే. కానీ ఈ లెక్కలో జమ మాత్రమే రాశారు, ఖర్చు రాయలేదు. మనం ఇంటి పద్దు రాసేటప్పుడు జీతం ఒక్కటే రాసి, అప్పులవాడికిచ్చింది రాయకుండా "మనం బాగానే ఉన్నాం" అంటామా? ప్రభుత్వానికి చేరిన ఆ కోట్లూ, మధ్యలో కాంట్రాక్టరు లాభమూ ఆకాశంలోనుంచి ఊడిపడలేదు. తాగినవాడి కూలిలోనుంచి, అంటే ఆ ఇంటి అన్నంలోనుంచి వచ్చాయి. ఆసుపత్రి ఖర్చు, పోయిన పనిదినాలు, బడి మానిన పిల్లలు ఏ పద్దులో రాశారు? అదీగాక ఇది రెండే దారులున్నట్టు చూపి, మూడోదాన్ని దాచిపెట్టడం. బడులకు డబ్బు సారా వల్లనే రావాలని ఎక్కడుంది? వేరే పన్నులున్నాయి, తగ్గించుకోగల ఖర్చులున్నాయి. అవి ఎంతవరకు సాధ్యమన్నది చర్చించవలసిన సంగతి. ఆ చర్చకు తలుపు మూసేయడమే తప్పు.

"దుకాణం మూస్తే దొంగసారా పెరుగుతుంది." సోదరీమణులారా, దీన్ని మాత్రం నేను దుర్వాదమని కొట్టేయను. ఇది ఆలోచించవలసిన అభ్యంతరం. ఎంత పెరుగుతుంది, ఆపడానికి ఏర్పాటేమిటి, పెరిగినా మొత్తం తాగుడు తగ్గుతుందా అని లెక్కతో జవాబు చెప్పాలి. మనకు నచ్చని మాటలన్నీ తప్పుడు మాటలు కావు. ఇది ఒప్పుకోకపోతే మనదీ జల్పమే అవుతుంది.

తరువాత జరిగింది మీకు తెలిసిందే. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలోనూ, అదే ఏడు అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించారు. 1994 ఎన్నికల్లో గెలిచిన ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వం 1995 జనవరి నుంచి సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది. 1997లో చంద్రబాబు నాయుడుగారి ప్రభుత్వం దాన్ని సడలించింది. పక్క రాష్ట్రాలనుంచి దొంగరవాణా, ఖజానాకు లోటు అప్పుడు చెప్పిన కారణాలు.

ఇక్కడే మనం జాగ్రత్తగా ఆలోచించాలి. "చూశారా, నిషేధం ఎత్తేశారు, కాబట్టి ఆ ఆడవాళ్ళు అడిగిందే తప్పు" అంటారు కొందరు. ఈ మాట నిలుస్తుందా? దూబగుంట వాళ్ళు మొదట అడిగింది తమ ఊళ్ళో సారా దుకాణం వద్దని. ఎత్తేసింది రాష్ట్రమంతటి సంపూర్ణ నిషేధాన్ని. రెండూ ఒకటి కావు. పైగా ఒక పని అమలులో చెడితే, ఆ పనికి కారణమైన బాధ అబద్ధమైపోదు. మందు చేదుగా ఉన్నదని జ్వరం లేదనలేం. అట్లాగని మన వైపునుంచి "సారా పోయింది గనుక సంసారాలన్నీ బాగుపడ్డాయి" అన్నా అంతే పొరపాటు. కొన్ని ఇళ్ళు బాగుపడ్డాయి, కొందరు సారా మాని ఇంకొకటి పట్టారు. పోరాడినవాళ్ళను గౌరవించాలంటే వాళ్ళు సాధించింది సాధించినంతే చెప్పాలి. ఎక్కువ చెబితే ఎదుటివాళ్ళు ఆ ఎక్కువను ఖండించి, అసలును కూడా కొట్టేస్తారు.

ఇంకొక్క సంగతి. మనది సముద్రపు ఒడ్డు. కార్తీకమాసం వచ్చిందంటే తుఫాను మాట వినబడుతుంది. "పోయినసారి హెచ్చరిక చెప్పారు, ఏమీ రాలేదు. కాబట్టి ఈసారీ రాదు" అనే మాట ఒడ్డునున్న పల్లెల్లోనే కాదు, పట్నంలో మన మేడల మీదా వినబడుతుంది. దీన్ని మెట్ల మీద నిలబెట్టండి. పైకి చెప్పని మూడో మెట్టు ఏమిటి? "ఒకసారి రానిది ఎప్పుడూ రాదు" అని. పైకి చెప్పిన మరుక్షణం ఎంత పేలవంగా ఉందో చూడండి. తుఫాను దారి మార్చుకుంటుంది. మచిలీపట్నం మీదికి పోయేది మన మీదికి రావచ్చు, మన మీదికి వచ్చేది ఒంగోలు వైపు పోవచ్చు. పోయినసారి మనల్ని తప్పించుకుపోయింది ఇంకెవరినో కొట్టి ఉండవచ్చు. 1984 నవంబరులో శ్రీహరికోట వైపు, 1989 నవంబరులో కావలి దగ్గర తుఫానులు తీరం దాటిన సంగతి పెద్దవాళ్ళకు గుర్తే.

ఇక్కడ రెండు తప్పుల బరువును కూడా తూచాలి. హెచ్చరిక విని ఇల్లు వదిలి వెళితే, తుఫాను రాకపోతే పోయేది ఒకరోజు కూలి, కొంత తిప్పట. వినకుండా ఉండిపోతే, వస్తే పోయేది ప్రాణం. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో సుమారు పదివేల మంది పోయారు. 1990 మే నెలలో దాదాపు అంత బలమైన తుఫానే కోస్తాను తాకితే మృతుల సంఖ్య వెయ్యికి లోపే. లక్షలమందిని ముందే తరలించడం దీనికి పెద్ద కారణమని చెబుతారు. ఇది కాకతాళీయమా అని మీరడగవచ్చు. అడగాలి కూడా. రెండు తుఫానులూ అన్నివిధాలా ఒకటి కావు, తాకిన చోటూ ఉప్పెన ఎత్తూ వేరు. తేడా అంతా తరలింపు వల్లే అనలేం. కానీ ఇక్కడ కారణం పనిచేసే తీరు కళ్ళకు కనబడుతున్నది. నీళ్ళు వచ్చేచోట మనిషి లేకపోతే ఆ నీళ్ళు అతన్ని ముంచలేవు. కాకికీ తాటిపండుకూ మధ్య అట్లాంటి లంకె చూపించలేం. అదీ తేడా.

ఈరోజుల్లో సెల్‌ఫోన్లలో వచ్చే వార్తలకూ ఇదే కొలత. "పెద్ద డాక్టరుగారు చెప్పారు, వెంటనే పదిమందికి పంపండి" అని వస్తుంది. ఏ డాక్టరు, ఎక్కడ, ఎప్పుడు చెప్పారు? పేరు లేని పెద్దరికం పెద్దరికం కాదు. పదిమంది పంపించారంటే పదిమంది పరీక్షించారని కాదు. ఒక గుడ్డివాడి భుజం పట్టుకుని ఇంకొక గుడ్డివాడు నడిచినట్టు వరసగా అందరూ నడుస్తుంటే, ముందున్నవాడికి కళ్ళున్నాయా అని ఎవరో ఒకరు అడగాలి గదా. దాన్నే అంధపరంపర అన్నారు.

ఇదంతా గుర్తుండదనుకునేవాళ్ళు నాలుగు ప్రశ్నలు కొంగున ముడివేసుకోండి. ఒకటి, నువ్వు తేల్చదలచిన మాట ఏమిటి? రెండు, దానికి కారణమేమిటి? మూడు, ఆ కారణం ఉండి కూడా ఆ ఫలితం లేనిచోటు ఎక్కడైనా ఉందా? నాలుగు, ఏ సంగతి చూపిస్తే నువ్వు మాట మార్చుకుంటావు? ఈ నాలుగోదానికి "ఏం చూపించినా మార్చుకోను" అని జవాబొస్తే, తను పట్టిన కుందేటికి మూడే కాళ్ళన్నమాట. ఇక అక్కడ వాదన ఆపి పొయ్యి మీద పని చూసుకోవడం మేలు.

చివరగా మూడు జాగ్రత్తలు. ఎదుటివాళ్ళు చెప్పిన కారణం తప్పయినంత మాత్రాన వాళ్ళు చెప్పిన మాట తప్పని కాదు. "దేవుడికి కోపమొస్తుంది, మెట్లమీద పరుగెత్తకు" అని బామ్మ అంటే కారణం సంగతి ఎట్లా ఉన్నా, మెట్లమీద పరుగెత్తకూడదన్నది మాత్రం నిజమే. రెండోది, ఈ పేర్లన్నీ నేర్చుకుని ఇంట్లో ప్రతివాళ్ళ మీదా అప్పడాల కర్రలా ఎత్తకండి. "అత్తయ్యా, మీది కాకతాళీయం" అంటే ఆమెకు తర్కం వంటబట్టదు, ఒళ్ళు మండుతుంది. "అత్తయ్యా, ఆ నెలలో పక్కింటి పెదనాన్నగారికి కూడా నొప్పి వచ్చింది గదా, వాళ్ళింట్లో పెళ్ళే జరగలేదే" అని అడగండి. పేరు చెప్పకుండా ప్రశ్న అడిగితే చాలు. మూడోది, పిల్లలు "ఎందుకు?" అని అడిగినప్పుడు "నేను చెప్పాను గనుక" అనడం మానండి. పదిసార్లలో నాలుగుసార్లయినా కారణం చెప్పండి. అబ్బాయికే కాదు, అమ్మాయికీ చెప్పండి. కారణం అడగడం ఇంట్లో నేర్చుకున్న పిల్ల, రేపు అత్తవారింట్లో "పాదం మంచిది కాదు" అన్న మాట వినబడితే తలదించుకోదు. మర్యాద తప్పకుండానే "ఎట్లా చెప్పగలరండీ?" అని అడుగుతుంది.

ఆ ఒక్క ప్రశ్న అడగగలిగిన ఆడపిల్లను మోసం చేయడం, బెదిరించడం అంత సులువు కాదు.